ఉద్దానానికి ఒక బీరువా కేటాయించండి

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,
ఎచ్చెర్ల.

అయ్యా,

ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి పల్లెలను కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తోంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వైద్యంతో పాటు జనానికి తెలివిడీ అందాలి.

2008లో ఏర్పడిన మన విశ్వవిద్యాలయం ఆ పని చేయగలదు. గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించి ఉద్దానం ఆరోగ్య విభాగం తెరవండి. ఇంతవరకు జరిగిన అధ్యయనాలను ఒక్కచోట చేర్చి, వాటి సారాన్ని తేట తెలుగులో అచ్చు వేయించండి. క్రియాటినిన్ పరీక్ష ఏం చెబుతుందో, నొప్పి మాత్రలు కిడ్నీలకు ఎందుకు చేటో నెలకోసారి ఆశా కార్యకర్తలకు, రైతులకు వివరించండి.

చదువు పల్లె గడప తొక్కాలి.

ఇట్లు,
ఎచ్చెర్ల పాఠకుడు