నా ఓటు గిజిగాడికే
2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. పువ్వు సరే, పిట్ట దగ్గరే నా పేచీ. పాలపిట్టది పాట కాదు, గరగర. తంగేడుకు జోడీ అంటే గిజిగాడే. తంగేడు పశువులు పెద్దగా ముట్టని పొద. ఎవరూ నీళ్లు పోయకున్నా బతుకమ్మ నాటికి పసుపుపచ్చగా పూస్తుంది. గిజిగాడికి మాత్రం కష్టపడక తప్పదు. బోధన్ వైపు చెరకు చేలో మగపిట్ట ఆకు అంచును ముక్కుతో కొరికి, ఎగురుతూనే సన్నటి పీలిక చీల్చుకుపోతుంది. బావి మీదికి వంగిన కొమ్మకు దాంతోనే గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చకపోతే వెళ్లిపోతుంది. సగం గూడు గాలికి ఊగుతుంటే మళ్లీ మొదలు. 2015 డిసెంబరులో బోధన్‌లోని చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ మూతపడ్డాక అక్కడి రైతు చెరకు తగ్గించి వరికి మళ్లాడు. అయినా గిజిగాడు వరి ఆకుతోనూ గూడు అల్లగలదు.