గ్రూపు తాళం ఎవరి చేతిలో ఉండాలి?

పత్తి ఏరుతున్న రోజుల్లో మా మండల వాట్సాప్ గ్రూపులో "రేపటి నుంచి మార్కెట్ బంద్" అని ఒక మెసేజ్ పడింది. తేదీ లేదు, ఎవరు చెప్పారో లేదు. అది నమ్మి మాలో కొందరం ఊరికొచ్చిన వ్యాపారికి అడిగిన ధరకే పత్తి ఇచ్చేశాం. అది పాత మెసేజ్ అని తేలేసరికి కాంటా అయిపోయింది. గ్రూపులో ప్రశ్నలు మొదలవగానే అడ్మిన్ సెట్టింగ్ మార్చి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా చేశారు. తప్పుడు వార్త గ్రూపులోనే ఉంది, దాన్ని తప్పని చెప్పే నోళ్లు మాత్రం మూతపడ్డాయి.

అడ్మిన్‌ను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఎవరో పెట్టిన పోస్టుకు తన మీద కేసు పడుతుందని ఆయన భయం. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది. తప్పు మనందరిదీ. గ్రూపు సెట్టింగులను ఒక మనిషి ఫోన్ పనిగా వదిలేశాం, సంఘం పనిగా చూడలేదు.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. ఉన్న ఒక్క అడ్మిన్ బయటికి పోతే వాట్సాప్ తనకు తోచిన సభ్యుడిని అడ్మిన్ చేస్తుంది. ఆ సభ్యుడు విత్తన డీలరైతే? అందుకే ప్రతి గ్రూపుకూ కనీసం ముగ్గురు అడ్మిన్లు ఉండాలి. వారిని కమిటీ సమావేశంలో ఎన్నుకోవాలి. అందులో ఒక మహిళా రైతు, ఒక కౌలు రైతు ఉండాలి. కొత్తవారిని అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చుకునే సెట్టింగ్ పెట్టాలి. గ్రూపు లింకు బయట తిరుగుతుంటే దాన్ని రద్దు చేసి కొత్తది తీయాలి.

గ్రూపులు రెండు చేద్దాం. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాయాలి. పత్తి అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ ఎప్పుడు తెరుస్తారు, తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు వంటివి శుభోదయాల మధ్య కొట్టుకుపోకూడదు. చర్చల గ్రూపును మాత్రం ఎన్నడూ మూయొద్దు.

ధర పెట్టేవారు మార్కెట్, తేదీ, రకం, తేమ రాయాలి. ఎనుమాముల జెండా పాట ఒక్కటే పెడితే అది మేలురకం కొన్ని బస్తాల ధరే. తాలు మిర్చి తెచ్చిన రైతుకు దానివల్ల ఆశ తప్ప లాభం లేదు. పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లను అడ్మిన్లు వెంటనే తీసేయాలి. ఎవరైనా దాన్ని నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. కానీ సంఘాన్ని విమర్శించిన మెసేజ్‌ను తీసే హక్కు ఏ అడ్మిన్‌కూ లేదు.

యార్డులో కాంటా మన కళ్లముందే జరగాలని పోరాడుతున్నాం. మన గ్రూపు తాళం కూడా అందరి కళ్లముందే ఉండాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశంలో దీన్ని మొదటి అంశంగా పెట్టుకుందాం.