కూర్చోవడం కష్టం కాదన్నదెవరు?

ఏడో నెల గర్భిణి కంపెనీ క్యాబ్ ఎక్కుతుంటే ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో ఏ ఉదయమైనా కనిపిస్తుంది. ఒక చేత్తో డోరు, ఇంకో చేత్తో నడుము పట్టుకుంటుంది. ఒక కాలు లోపల పెట్టగానే పొత్తికడుపు కింద ఎముక దగ్గర కలుక్కుమంటుంది. పళ్ల బిగువున రెండో కాలు లాక్కుంటుంది. వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. ఆపైన మైండ్‌స్పేస్ ఐటీ పార్కు దాకా స్పీడ్ బ్రేకర్లు, కుదుపులు. చివరికి తొమ్మిది గంటల కుర్చీ.

'కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనమ్మా' అంటారు ఇంట్లో. ఆఫీసులో అదే మాట ఇంగ్లీషులో అంటారు. నిజమే, గర్భిణుల్లో దాదాపు సగం మందికి నడుము నొప్పి వస్తుంది. హార్మోన్ల వల్ల కటి కీళ్ల బంధనాలు వదులవుతాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుము మీద భారం పెరుగుతుంది. సరే, సగం మందికి వచ్చే నొప్పి అని తెలిసినప్పుడు ఏర్పాటు ముందే ఉండాలి కదా? నొప్పి ప్రకృతి ఇచ్చిందే కావచ్చు. ఆ నొప్పితో అదే కుర్చీలో కూర్చోబెట్టింది మాత్రం మనమే.

చట్టం సంగతి చూడండి. గర్భిణి అడిగితే శ్రమతో కూడిన పని, గంటల తరబడి నిలబడే పని చెప్పకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం అంది. ఆ రక్షణ కూడా ప్రధానంగా ప్రసవానికి ముందు వచ్చే ఆరు వారాలకు ముందున్న ఒక్క నెలకే. అప్పటికి కళ్ల ముందున్నవి మిల్లులు, ఫ్యాక్టరీలు. ఆ తర్వాత 1998లో సైబర్ టవర్స్ తెరిచాం. 2022-23 నాటికి తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 9 లక్షలు దాటారని గొప్పగా చెప్పుకున్నాం. 2025 నవంబరు 21న ఆ చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశాం. ఇంత మారినా చట్టం పేరు పెట్టి చెప్పిన కష్టం నిలబడటమే. తొమ్మిది గంటలు కదలకుండా కూర్చోవడం ఎవరి లెక్కలోకీ రాలేదు.

2017 సవరణ సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. చప్పట్లు కొట్టాం. అందులో ప్రసవానికి ముందు వాడుకోగలిగేది ఎనిమిది వారాలే. ముందు వాడుకున్న ప్రతి వారం బిడ్డ పుట్టాక తగ్గిపోతుంది. అందుకే పాలిచ్చే రోజుల కోసం సెలవు దాచుకుని, నొప్పితోనే చివరి దాకా లాగిన్ అయ్యేవాళ్లు ఎందరో. ఇంటి నుంచి పని మాటా ఆ సవరణలో ఉంది. అయితే అది సెలవు ముగిశాక, అదీ యజమాని ఒప్పుకుంటేనే! 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇదే పని నెలల తరబడి ఇళ్ల నుంచే నడిచింది. ఏ సర్వరూ కూలిపోలేదు. ఇప్పుడు గర్భిణి మూడు నెలలు అడిగితే 'పాలసీ ఒప్పుకోదు' అనడానికి నోరెలా వస్తుంది?

మార్చి 8న రిసెప్షన్‌లో గులాబీ ఇస్తారు. కాళ్ల కింద పెట్టుకోవడానికి ఒక ఫుట్‌రెస్ట్ అడిగితే మాత్రం టికెట్ రెయిజ్ చెయ్యాలి, మేనేజర్ అప్రూవ్ చెయ్యాలి, ఫెసిలిటీస్ వాళ్లు చూడాలి. ఈలోగా సీమంతం కూడా అయిపోతుంది.

'మేం నాట్లేస్తూనే కన్నాం' అనే పెద్దలకో మాట. మీకూ నొప్పి పుట్టింది, మిమ్మల్ని అడిగిన నాథుడు లేడు, అంతే. మీకు జరిగిన అన్యాయాన్ని కోడలికి ఆస్తిలా పంచకండి. ఇక మన ఆఫీసు టవర్లోనే బాత్‌రూములు కడిగే కాంట్రాక్టు ఆయమ్మ కడుపుతో ఉన్నా రోజంతా నిలబడే ఉంటుంది. చట్టం పేరు పెట్టి చెప్పిన కష్టం ఆమెదే. అది ఆమెకు చదివి వినిపించిన సూపర్‌వైజర్ ఎక్కడైనా ఉన్నాడా?

ఓర్చుకోవడం తప్ప దారి లేదన్నది అబద్ధం. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు, కటికి పెట్టుకునే బెల్టు చాలామందికి ఉపశమనం ఇస్తాయి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి. క్యాబ్ ఎక్కేటప్పుడు మొదట సీటు మీద కూర్చుని, ఆ తర్వాత రెండు మోకాళ్లూ కలిపి ఒక్కసారే లోపలికి తిప్పుకోవాలి. డాక్టర్ని అడగకుండా మందుల షాపులో ఐబుప్రొఫెన్ లాంటివి కొని మింగొద్దు. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, జ్వరం, మూత్రంలో మంట, బిడ్డ కదలిక తగ్గడం, కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం మీద అదుపు తప్పడం, వీటిలో ఏది కనిపించినా మీటింగు వదిలేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఫుట్‌రెస్ట్, అరగంటకోసారి విరామం, ఇంటి నుంచి పని: వీటిలో కంపెనీని ముంచేంత ఖర్చు దేనికైనా ఉందా? లేనిది డబ్బు కాదు, మనసు. అది దానంతట అది రాదు కాబట్టి రాతపూర్వకమైన హక్కు కావాలి. ఐటీ కంపెనీలకు పని గంటల విషయంలో మినహాయింపులు ఇస్తూ వచ్చిన ప్రభుత్వం, వాటికి ఈ షరతులు జోడించాలి: డాక్టరు చీటీ తెస్తే ఇంటి నుంచి పని, తగిన కుర్చీ, మధ్యమధ్య విరామం, ఫిజియోథెరపీకి బీమా. యజమాని దయతో పని లేకుండా.

అమ్మలూ, ఒక్క సంగతి గుర్తుంచుకోండి. గర్భం వల్ల వచ్చిన అనారోగ్యానికి, రుజువు చూపిస్తే, ఆ 26 వారాలకు అదనంగా నెల దాకా జీతంతో సెలవు తీసుకునే హక్కు చట్టంలో ఇప్పటికే ఉంది. మీ నొప్పిని డాక్టరు చేత రాయించుకోండి. హెచ్‌ఆర్‌కు నోటితో చెప్పకండి, ఈమెయిల్ పెట్టండి. జవాబు కూడా రాతలోనే అడగండి.