మోసపోయినవాణ్ని ఎందుకు తిడతాం?

సెకండ్ హ్యాండ్ కారు కొని దెబ్బతిన్నవాడికి మన ఇళ్లలో ముందు దొరికేవి చీవాట్లు. ‘మెకానిక్‌ని వెంట తీసుకెళ్లొద్దూ?’ అంటాడు బావమరిది. ‘పాత బండి అన్నాక అంతే’ అంటాడు పక్కింటాయన. ‘కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతావు, పోయిందనుకుని వదిలెయ్’ అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. అబద్ధం చెప్పి అమ్మిన డీలరును మాత్రం పల్లెత్తు మాట అనరు. లోకజ్ఞానంగా చలామణి అవుతున్న ఈ ధోరణి తప్పు. పైగా అది మోసగాడికే కొమ్ము కాస్తోంది.

పాత బండికి ధర తగ్గేది అరుగుదల వల్ల. టైర్లు సగం అరిగి ఉంటాయి, క్లచ్ జారుతుంటుంది, గతుకుల్లో సస్పెన్షన్ చప్పుడు చేస్తుంది. వీటికోసం నష్టపరిహారం అడగడం న్యాయం కాదు, అడిగినా నిలబడదు. కానీ లక్షకు పైగా తిరిగిన బండికి మీటరు తిప్పి నలభై వేలు చూపిస్తే దాన్ని అరుగుదల అని ఎలా అంటాం? బీమా కంపెనీ టోటల్ లాస్ కింద రాసేసిన బండిని కడిగి, ‘సింగిల్ ఓనర్, గీత కూడా పడలేదు’ అని అంటగడితే? అక్కడ కొన్నవాడికి తగ్గింపేమీ దక్కలేదు. అతను మంచి బండి ధరే కట్టాడు.

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్ని కార్లు నీళ్లలో నానాయో చూశాం. అలాంటి బండిని అమ్మకానికి ఎలా ముస్తాబు చేస్తారో తెలిస్తే ‘చూసుకోవాల్సింది’ అనే మాట నోట రాదు. సీట్లు విప్పుతారు, కార్పెట్ ఉతుకుతారు, డ్యాష్‌బోర్డుకు పాలిష్ కొడతారు, బురద వాసన తెలియకుండా పెర్ఫ్యూమ్ పెడతారు. సీటు బెల్టును చివరికంటా లాగితే, మామూలుగా ఎవరూ లాగని ఆఖరి జానెడు పట్టీ మీద మట్టి మరక దొరకొచ్చు. స్పేర్ టైరు గుంటలో, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో ఒండ్రు దొరకొచ్చు. వైరింగ్ కనెక్టర్ల లోపల పట్టిన చిలుము మాత్రం పావుగంట టెస్ట్ డ్రైవ్‌లో ఎంత పనితనమున్న మెకానిక్కుకైనా చిక్కదు. కొన్ని నెలలు పోయాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరకపోతే అప్పుడు బయటపడుతుంది. ఒకడు కష్టపడి దాచినదాన్ని ఇంకొకడు కనిపెట్టలేదని నిందించడం ఏ ధర్మం?

‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను’ అని సంతకం పెట్టించుకున్న కాగితాన్ని డీలర్లు బ్రహ్మాస్త్రంలా చూపిస్తారు. అది చూసి చాలామంది నీరుగారిపోతారు. తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని దాచడం మోసమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనే చెప్పింది. అలా మోసపోయినవాడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు, లేదా అమ్మినవాడి మాట నిజమై ఉంటే తానెక్కడ ఉండేవాడో అక్కడ నిలబెట్టమని అడగొచ్చు అంటుంది 19వ సెక్షను. డీలరు నోరు మెదపకుండా ఊరుకున్న సందర్భం వేరు. అక్కడ కొన్నవాడు మామూలు జాగ్రత్త తీసుకున్నాడా అని చట్టం ఆరా తీస్తుంది. మీటరు తిప్పడం ఊరుకోవడం కిందికి రాదు.

‘నేను మధ్యవర్తిని, కమిషన్ మాత్రమే తీసుకున్నా’ అన్నది మరో సాకు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. యజమాని బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేశాక ఆ డీలరునే యజమానిగా పరిగణిస్తారు. కొనబోయేవాడు ముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడగాలి.

ఇక కోర్టు భయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొత్త వస్తువుకూ పాత వస్తువుకూ తేడా పెట్టలేదు. సొంతంగా నడుపుకుని బతకడానికి ట్యాక్సీ కొన్నవాడు కూడా దాని కింద వినియోగదారుడే. కట్టిన ధర యాభై లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఐదు లక్షల వరకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. హైదరాబాద్‌లో కొన్న ఖమ్మంవాసి ఖమ్మంలోనే ఫిర్యాదు వేయొచ్చు. కమిషన్ ధర వాపసు ఇప్పించగలదు, పరిహారమూ ఇప్పించగలదు. డీలరు అప్పీలుకు వెళ్లాలంటే చెల్లించమన్న సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి.

మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటున్నా వాయిదాలు అంతకు మించి సాగుతాయి, నిజమే. వ్యాపారి కాకుండా ఒక మామూలు మనిషి తన సొంత బండి అమ్మి మోసం చేస్తే ఈ కమిషన్ పనికిరాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. అదీ నిజమే. కానీ ఆలస్యమవుతుందని బాధితుడు ఇంట్లో కూర్చుంటే అదే యార్డులో అదే ఎత్తుతో ఇంకో బండి అమ్ముడుపోతుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఇలా మోసపోతే తిట్టకండి, కాగితాలు కూడగట్టడంలో సాయపడండి. ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో డీలరు రాసిన మాటలు, డబ్బు పంపిన రుజువు దాచండి. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి పాత సర్వీసు రికార్డు తీయించండి. ఏ తేదీకి మీటరు ఎంత ఉందో అందులో దొరుకుతుంది. రిపేరుకు ఇచ్చేముందే మరో మెకానిక్ చేత లోపాలు రాయించి సంతకం పెట్టించండి. డీలరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే ఫిర్యాదు వేయండి. దానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు.