ఒకే తొర్రలో ఉన్నంత మాత్రాన...

మొన్న మా హాస్టలు గదిలో చిన్న తగవొచ్చింది. మిత్రుడొకడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. అద్దాల పెట్టెలో ఒక బెరడు ముక్క, దాని మీద అరచేయంతేసి సాలీళ్ళు ఆరు! ఒళ్ళంతా నెమలికంఠం నీలం. "చూశావట్రా, మనుషులకంటే నయం, ఎంత కలిసిమెలిసి ఉన్నాయో! తలా కాస్త చందా వేసుకుని మనమూ తెప్పిద్దాం" అన్నాడు. నేను కూడదన్నాను. ఎందుకు కూడదో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆ సాలీడు పరాయిదేం కాదు, మన రాష్ట్రపు ఆడపడుచే. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడును చూసి దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్ళు దాని జాడే లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మళ్ళీ కనిపించింది. బందరులో బండెక్కి గుంటూరు మీదుగా ధర్మవరం పోయేవాళ్ళు ఆ అడవి దారినే పోతారు. అది బతికే చోటు వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదని అంచనా వేసి, 2008లో ఐ.యు.సి.ఎన్. దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల్లో చేర్చింది.

అవి కలిసి ఉంటాయన్నది అబద్ధం కాదు. వాటి కాపురం పెద్ద చెట్ల తొర్రల్లో. చెట్లు కలపకూ వంటచెరకుకూ పోయి తొర్రలు కరువైనచోట ఒక్కదానిలోనే కొన్ని సర్దుకుంటాయి. విదేశాల్లో పెంచేవాళ్ళు ఒకే గుడ్లసంచి పిల్లల్ని ఒకే పెట్టెలో పెంచుతారు. మేత కరువు కాకుంటే చాలాకాలం సఖ్యంగానే ఉంటాయి. ఒకనాడు లెక్కపెడితే మాత్రం ఒకటి తగ్గి ఉండచ్చు.

ఇందులో వింతేముంది? దివిసీమలో పీతల చెరువు వేసిన రైతునడగండి. పెంకు మార్చుకుని ఒళ్ళు మెత్తబడ్డ పీతను తోటి పీతలే తినేస్తాయి. అందుకే కొందరు ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో పెంచుతారు. సాలీడూ అలాగే కుబుసం విడుస్తుంది. ఆ కాసేపు అది దిక్కులేనిదే. అడవిలోనైతే పారిపోయేందుకు ఇంకో చెట్టుంటుంది. అద్దాల పెట్టెలో ఏముంటుంది?

1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి మా తాతయ్య తాటిచెట్టు పట్టుకుని బతికాడు. అదే చెట్టు మీద ఆయనకు మూరెడు దూరంలో ఒక పాము! "నేను దాన్ని కొట్టలేదు, అది నన్ను కరవలేదురా. నీళ్ళు తీశాక దాని దారి దానిది, నా దారి నాది" అనేవాడు. ఆ చెట్టును ఫోటో తీసి, మనిషీ పామూ స్నేహితులని ఎవరైనా రాస్తే మనం ఒప్పుకుంటామా? గతిలేక పంచుకున్న చోటు వేరు, కోరి కట్టుకున్న ఇల్లు వేరు.

కోరి కలిసుండే సాలీళ్ళూ మన దగ్గర లేకపోలేదు. కుప్పం ప్రాంతపు చెట్లూ పొదల మీద స్టెగోడైఫస్ జాతివి వందల కొద్దీ ఒకే గూడు కట్టి, కలిసి వేటాడి, కలిసి తింటాయి. వాటిని ఎవరూ పెట్టెలో పెట్టి కలపలేదు. వాటి బతుకే అది.

పెంచేవాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను. ఓర్పుగా చూసుకుంటే ఆడ సాలీడు పదేళ్ళ పైనే బతుకుతుంది. వాటిని చూసి ఎంతోమందికి సాలెపురుగంటే భయం పోయింది కూడా. కానీ ఒక్కొక్క పెట్టెకు ఆరేసి కావాలంటే అడవి మీద ఆశ ఆరింతలవదూ? 2019లో ఈ జాతి మొత్తాన్ని సైటిస్ రెండో అనుబంధంలో చేర్చి, అనుమతి లేనిదే సరిహద్దు దాటించరాదన్నారు. గుత్తి పేరు మోసే ప్రాణి విదేశాల్లో అమ్మకానికి దొరుకుతూ, ఇక్కడ తొర్రకు కరువైతే సిగ్గు ఎవరికి?

మిత్రమా, ఆ చందా డబ్బులు దాచు. సెలవుల్లో నంద్యాల బండెక్కుదాం. అటవీశాఖవారు ఒప్పుకుంటే, ఒప్పుకున్నంత దూరం పోయి ఆ చెట్లను చూసొద్దాం. సాలీడు కనపడకపోయినా ఫర్వాలేదు. తొర్ర మిగిలి ఉంటే చాలు.

— ఆఖరి సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి