ఉగ్గాని పక్కన బజ్జీ

కర్నూలులోనో కడపలోనో పొద్దున ఏడింటికి టిఫిన్ బండి ముందు నిలబడి చూడండి. ఇడ్లీ, దోసెల సరసన ఉగ్గాని ఉంటుంది. దాని పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. ఆ రెంటినీ విడదీసి తినమంటే సీమవాళ్లు ఒప్పుకోరు!

కోస్తావాళ్లు మరమరాలనే వాటిని ఇక్కడ బొరుగులంటారు. నీళ్లలో వేసి, తీసి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలుపుతారు. పైన పప్పుల పొడి, నిమ్మరసం. (సీమలో ఉట్టి 'పప్పులు' అంటే పుట్నాలే సుమా!) రుబ్బే పని లేదు, పులిసేదాకా ఆగక్కర్లేదు. తెల్లారకముందే పనికి బయల్దేరే హమాలీలకూ కూలీలకూ ఇదెందుకు నచ్చిందో వేరే చెప్పాలా? సరిహద్దు దాటి బళ్లారి, దావణగెరె వెళ్లినా ఇదే జోడీ. అక్కడ మండక్కి ఒగ్గరణె, మిర్చి అంటారు. ఒగ్గరణె అంటే కన్నడంలో తాలింపు. మన ఉగ్గాని ఆ మాటలోంచే వచ్చిందంటే నమ్మబుద్ధవుతుంది.

మరి బలం సంగతి? బొరుగులు ప్లేటు నిండా కనిపిస్తాయి గానీ తూకానికి తేలిక. తొందరగా అరిగిపోయి రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతాయి. వంద గ్రాముల బొరుగుల్లో మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములే. అదే పుట్నాల్లో 20 గ్రాములు దాటతాయి. అంటే మధ్యాహ్నందాకా కడుపు నిలబెట్టేది ఆ పొడే. మొహమాటపడకుండా ఇంకో చెంచా అడగండి.

బజ్జీని తిట్టేముందు బాణలిలోకి తొంగిచూడండి. శనగపిండి మంచిదే, మిరపకాయా మంచిదే. చిక్కంతా నిన్న కాచి, ఇవాళ మళ్లీ కాచే నూనెతోనే. పదేపదే కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన పెట్టింది. 2018 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. బండి దగ్గర కొలిచే యంత్రం ఎక్కడుంటుంది? మన కళ్లే యంత్రం. నూనె నల్లబడి చిక్కగా ఉన్నా, బజ్జీ వేయకముందే పొగ వస్తున్నా, నురగ తేలుతున్నా పక్క బండికి నడవండి. పాత నూనెలో కొత్తది పోస్తే పాతది బాగుపడదు, కొత్తదే తొందరగా చెడుతుంది.

మధుమేహం ఉన్నవాళ్లు బొరుగులు సగం చేసి, పప్పుల పొడి, వేయించిన వేరుశనగలు పెంచుకోవచ్చు. బజ్జీ ఒక్కటి చాలు. ఇంట్లో చేసేవాళ్లు మాత్రం బొరుగులను నీళ్లలో ఎక్కువసేపు ఉంచకండి. ముద్దయితే ఎంత తాలింపు పెట్టినా అది ఉగ్గాని కాదు.