కప్పు ఒక్క రాత్రిది, లెక్క ఐదేళ్లది



వేసవి సెలవులు దగ్గరపడుతుంటే బీరంగూడ నుంచి సంగారెడ్డి దాకా గోడల మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఫుట్‌బాల్ అకాడమీల ప్రకటనలు మొదలవుతాయి. కప్పు పట్టుకున్న పిల్లల ఫొటో, పక్కన సెలెక్ట్ అయినవారి పేర్లు నాలుగు, కింద ఫీజు వివరాలు. వాటిని చూసి చాలామంది తల్లిదండ్రులు మా వ్యాయామ విభాగాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే: “సర్, వీటిలో ఏది మంచిది?”

పిల్లవాడి సాయంత్రాలు, మీ సంపాదన రెండూ ఆ జవాబు మీద ఆధారపడి ఉంటాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సెలెక్ట్ అయిన నలుగురి పేర్లు చూసి ఏ అకాడమీనీ అంచనా వేయకండి. మూడేళ్ల కిందట చేరిన పిల్లలంతా ఇప్పుడు ఎక్కడున్నారో అడగండి. ఎవరిని తీసుకున్నారు, వాళ్లకు ఎంత ఆట ఇచ్చారు, ఎందరు మిగిలారు, వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు అనేవే అసలు లెక్కలు.

పాశమైలారంలోనో బొల్లారంలోనో పనిచేసేవారికి ఈ లెక్క కొత్త కాదు. ఐటీఐ పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకున్న ప్లాంటును ‘ఈ ఏడాది ఎంతమందిని తీసుకున్నారు’ అని అడిగి వదిలేయం. వాళ్లలో ఎందరు ఇప్పుడు మెషిన్ సొంతంగా నడుపుతున్నారు, ఎందరు మానేశారు, మానేసినవాళ్లు మంచి జీతానికి వెళ్లారా, జీతం అందక వెళ్లారా అని ఆరా తీస్తాం. ఫుట్‌బాల్ జట్టుకూ ఇదే వర్తిస్తుంది. దానికి మంచి ఉదాహరణ మనకు దగ్గర్లోనే, గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. ఈ లీగ్ మొదలైన తొలి ఏళ్లలో భారత ఆటగాళ్ల డ్రాఫ్ట్ ఉండేది. అంటే జాబితాలోని ఆటగాళ్లను క్లబ్‌లు వంతుల వారీగా ఎంచుకునేవి. ఆ తర్వాత ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ఎవరికి వారే వెతుక్కోవాలి, ఒప్పించుకోవాలి, కాంట్రాక్ట్ రాసుకోవాలి. అమెరికాలోని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే చివరి స్థానంలో నిలిచిన జట్టుకు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో ముందుగా ఎంచుకునే అవకాశం దక్కుతుంది. ఇక్కడ ఓడిన జట్టుకు అలాంటి ఊతం లేదు. కాబట్టి ఎంపికలో ఎవరి చూపు ఎంత మంచిదో ఇక్కడ తేలిగ్గా బయటపడుతుంది.

తొలి సీజన్‌లో హైదరాబాద్ 18 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచింది. 10 పాయింట్లతో పది జట్లలో అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చారు. యువ ఆటగాళ్లను తీర్చిదిద్దడంలో పేరున్న తాంగ్‌బోయ్ సింగ్తో ఆయనకు తోడయ్యారు. అప్పుడు తీసుకున్న వారిలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఆకాశ్ మిశ్రా ఒకడు. వయసు 18. జాతీయ సమాఖ్య నడిపిన ఇండియన్ యారోస్ నుంచి వచ్చాడు. గోవా కుర్రాడు లిస్టన్ కొలాసో, సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్ అప్పటికే జట్టులో ఉన్నారు. వీళ్లను బెంచ్ మీద కూర్చోబెట్టి ‘నేర్చుకోండి’ అనలేదు. మైదానంలోకి దించారు. ఆ సీజన్‌లో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. 2021లోనే ఆకాశ్, లిస్టన్ ఇద్దరూ భారత జట్టుకు ఆడారు.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ చేసింది. 88వ నిమిషంలో హైదరాబాద్‌కు గోల్ చేసి సమం చేసింది సాహిల్ తవోరా, అంటే బెంచ్ మీద నుంచి లేచి వచ్చిన ఆటగాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. మూడేళ్ల కిందట పుట్టిన క్లబ్ చాంపియన్ అయ్యింది.

అదంతా కుర్రాళ్ల ఘనతే అంటే నిజం కాదు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టినవాడు 37 ఏళ్ల నైజీరియా ఆటగాడు బార్తొలోమ్యూ ఒగ్బెచే. అనుభవాన్ని కొనుక్కోవడం తప్పేమీ కాదు. ఆ కొన్న అనుభవం పక్కన కుర్రాళ్లకు చోటు మిగిలిందా లేదా అన్నదే చూడాలి. ఆ జట్టులో మిగిలింది.

ఇప్పుడు నిలుపుకోవడం సంగతి. లిస్టన్ 2021లో, ఆశిష్ 2022లో కోల్‌కతా క్లబ్ ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్లారు. 2023లో ఆకాశ్ ముంబై సిటీకి వెళ్లాడు. ‘మంచి ఆటగాళ్లను నిలుపుకోలేకపోయారు’ అని అప్పుడు చాలామంది విమర్శించారు. నేను ఒప్పుకోను. లిస్టన్‌కూ, ఆకాశ్‌కూ క్లబ్ చేతికి బదిలీ రుసుము వచ్చింది, ఆటగాడికి ఇంకా పెద్ద వేదిక దక్కింది. ముఖ్యంగా, లిస్టన్ వెళ్లిన తర్వాతి సీజన్‌లోనే జట్టు కప్పు గెలిచింది. ఆశిష్ వెళ్లిన తర్వాతి సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. ఒకడు వెళితే ఆ చోటులో నిలబడేవాడు సిద్ధంగా ఉన్నాడంటే, ఆ ఇల్లు బాగా నడుస్తున్నట్టే.

అసలు దెబ్బ 2023–24లో తగిలింది. మార్క్వెజ్ అప్పటికే గోవాకు వెళ్లిపోయారు. జీతాలు ఆగిపోయాయి. పాత బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది. జనవరి నాటికి నిఖిల్ పూజారి, మహ్మద్ యాసిర్ లాంటి వాళ్లు ఒక్కొక్కరే వేరే క్లబ్‌లకు వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగు. తర్వాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. గచ్చిబౌలిలో పసుపు జెర్సీ వేసుకుని అరిచిన మన పిల్లలకు ఇప్పుడు ఆ జట్టు లేదు.

లిస్టన్ వెళ్లాడు, పూజారి వెళ్లాడు. కాగితం మీద రెండూ వెళ్లడమే. కానీ ఒకటి ఎదిగి వెళ్లడం, ఇంకొకటి ఇల్లు కూలుతుంటే బయటపడటం. అందుకే ‘ఎందరు వెళ్లారు’ అన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. కారణం కూడా పక్కన రాసుకోవాలి. అలాగే కప్పు గెలిచిన రాత్రి ఫొటో చూసి మార్కులు వేసినవాడికి, రెండేళ్లలో రాబోయే పతనం కనిపించదు. ఎంపిక ఎంత గొప్పగా ఉన్నా, నెల తిరిగేసరికి జీతం చేతిలో పెట్టలేని చోట ప్రతిభ నిలవదు.

నిలుపుకోవడం ఎలాగో మన హైదరాబాద్‌కు ఒకప్పుడు బాగా తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. పెద్ద డబ్బు లేదు. పోలీసు ఉద్యోగం అనే భద్రత, రహీం దగ్గర నేర్చుకునే అవకాశం ఉండేవి. రహీం స్వతహాగా బడిపంతులు. డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలి, బలహీనమైన కాలితోనే ఆడాలి లాంటి నియమాలతో పోటీలు పెట్టి ఆటగాళ్లకు కొత్త అలవాట్లు నేర్పారు. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే.

ఆ రెండు జట్ల మధ్య ఇంకో తేడా ఉంది. 2022లో కప్పు గెలిచిన జట్టులో మనకు గుర్తున్న పేర్లు గోవా, మణిపూర్, సిక్కిం, అస్సాం, ఉత్తరప్రదేశ్‌లవి. ఎక్కడివారైనా మనవాళ్లే, అందులో తప్పు లేదు. కానీ జట్టు తరలిపోయాక మన నేల మీద ఏం మిగిలిందని అడిగితే జవాబు కష్టం. మన దగ్గర ప్రతిభ లేదా అంటే, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్‌ను చూడండి. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు ఆడింది. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌తో మహిళల జాతీయ లీగ్ గెలిచింది. పిల్లలకు కొరత లేదు. వాళ్లను ఐదారేళ్లు ఓపికగా పట్టుకుని ఉండే చోట్లకే కొరత.

అందుకే, ఫీజు కట్టేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది: ఎవరిని తీసుకుంటున్నారు? వయసు విభాగాలకు సాధారణంగా జనవరి 1 గీత. జనవరిలో పుట్టినవాడు అదే విభాగంలో డిసెంబర్‌లో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పదేళ్ల వయసులో ఆ ఏడాది ఎత్తుగా, బలంగా కనిపిస్తుంది. దాన్ని ప్రతిభ అనుకునే కోచ్ చిన్న పిల్లల్ని పోగొట్టుకుంటాడు. ఇక్కడే మీకూ ఒక మాట. పుట్టిన తేదీ మార్పించి చిన్న విభాగంలో ఆడిద్దామని ఎవరైనా సలహా ఇస్తే, ఆ గుమ్మం నుంచే వెనక్కి వచ్చేయండి.

రెండోది: మ్యాచ్‌లో ఎంతసేపు ఆడిస్తారు? కప్పు కోసం పదకొండు మందినే తిప్పుతూ, మిగతావాళ్ల దగ్గర ఫీజు మాత్రం తీసుకునే చోట మీ పిల్లవాడు నేర్చుకునేది బెంచ్ మీద కూర్చోవడమే.

మూడోది: మూడేళ్ల కిందటి బ్యాచ్‌లో ఎందరు ఇంకా ఆడుతున్నారు? మానేసినవారిలో గాయాలతో ఎందరు, విసుగుతో ఎందరు, మంచి జట్టుకు ఎందరు? ఈ లెక్క రాసిపెట్టుకున్న కోచ్ దొరికితే వదులుకోకండి. లెక్క లేదంటే అదీ ఒక జవాబే.

నాలుగోది: పిల్లవాడి పేరు జాతీయ సమాఖ్య రిజిస్ట్రేషన్‌లో ఉందా? ఒక దేశపు క్లబ్ నుంచి మరో దేశపు క్లబ్‌కు ఆటగాడు బదిలీ రుసుముతో వెళితే, అందులో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్‌లకు పంచాలని ఫిఫా నిబంధన. తయారుచేసిన చేతులకు విలువ ఉందని ఫుట్‌బాల్ ప్రపంచమే ఒప్పుకుంది. ఆ రికార్డు మీ పిల్లవాడి పేరు మీద ఉండాలి.

ఈ ప్రశ్నలు అకాడమీలకే పరిమితం చేయకండి. మా స్కూల్ జట్లనూ అడగండి. ఆరో తరగతిలో జట్టులోకి తీసుకున్న పిల్లల్లో తొమ్మిదో తరగతి నాటికి ఎందరు మైదానంలో ఉన్నారు, మిగతావాళ్లను ట్యూషన్ లాక్కుందా, మేమే పక్కన పెట్టామా అని వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో నిలదీయండి. అల్మారాలో కప్పులు చూపించి మిమ్మల్ని పంపించేయాలని చూస్తే ఒప్పుకోకండి. ఆ లెక్క మీ ముందు పెట్టడం మా బాధ్యత.